ఆ తాళం ఎవరిదని అడిగిన మనిషి

చనిపోయిన మనిషికి రెండు నిమిషాలు మౌనం పాటించి, మూడో నిమిషంలో ఆయన ప్రశ్నను కొట్టేశారు. ఈ పని చేసింది మా కాలువ సంఘం అధ్యక్షుడు. సరేనని చెయ్యెత్తింది పదకొండుమంది సభ్యులు. ఆ పదకొండుమందిలో మా సొంత పెదనాన్న ఒకడు. పేర్లు రాయను. రాయకపోయినా అందరికీ తెలుసు.

గడిచిన గురువారం పొద్దున మాన్విలో తన ఇంటి అరుగు మీద మెంబర్ సాబ్ కన్నుమూశారు. గబ్బూరు నుంచి వచ్చిన కక్షిదారు ఒకాయన కాగితం చేతికిస్తే, చదివి, కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టారట. ఎదుటివాడు చెప్పేది శ్రద్ధగా వినాలంటే కళ్ళద్దాలు తీసెయ్యడం ఆయన అలవాటు. అందుకని ఆ కక్షిదారు, సాబ్ వింటున్నారనుకుని, ఇంకో పావుగంట తన గోడు చెప్పుకుంటూనే ఉన్నాడు.

శనివారం కాలువ బంగళాలో సంఘం సమావేశం. కార్యదర్శి ఏడో అంశం చదివాడు. మెంబర్ సాబ్ పోయే ముందు వారం రాసిచ్చిన ప్రశ్న అది. "శివారు పిల్లకాలువ షట్టరుకు వేసిన తాళం ఎవరిది? ఎవరి ఉత్తర్వు మీద వేశారు?" అంతే, రెండు ముక్కలు. అధ్యక్షుడు గొంతు సవరించుకుని, "ప్రశ్న వేసిన సభ్యులే లేరు. జవాబు ఎవరికి చెప్పాలి?" అన్నాడు. ఎవరైనా నవ్వి ఉంటే నాకు కొంచెం నయంగా ఉండేది. ఎవరూ నవ్వలేదు. చేతులు లేచాయి. కార్యదర్శి ఎర్రసిరాతో గీత గీశాడు. వెనక బల్ల మీదున్న నేను లేచి ఏదో అరిచాను, బయటికి పంపారు. ఏమరిచానో ఇక్కడ రాయను. ఆ మాటలు రికార్డులోకి ఎక్కడానికి మెంబర్ సాబ్ ఒప్పుకోరు.

తెలియనివారి కోసం చెబుతున్నాను. ఈ కాలువ తవ్వినప్పుడు దీని కింద జొన్న, పత్తి లాంటి ఆరుతడి పైర్లకే నీళ్ళని సర్కారు అనుకుంది. మేము కోస్తా నుంచి వచ్చి, క్యాంపులు కట్టుకుని, వరి వేశాం. మా నాన్నా పెదనాన్నా రాళ్ళు ఏరి, తుప్పలు కొట్టి, పాముల మధ్య పడుకుని సాగులోకి తెచ్చిన భూమి ఇది. అందులో అబద్ధం లేదు. కానీ మా వరి తాగినన్ని నీళ్ళు తాగాక కాలువ చివరనున్న శివారు ఊళ్ళకు తడి మిగలదు. అక్కడి వాళ్ళు మాకంటే వందేళ్ళ ముందు నుంచీ ఉన్నవాళ్ళు. అందులోనూ అబద్ధం లేదు.

మెంబర్ సాబ్ రాయచూరు పాత తెలుగువాళ్ళు. వకీలుగా మాన్వి కోర్టుకు వచ్చి ఇక్కడే ఉండిపోయారు, కాలువ కింద కాస్త పొలం కొని మా సంఘంలోనూ సభ్యులయ్యారు. శాసనసభకు ఒకే ఒక్కసారి గెలిచారు. రెండోసారి ఓడిపోయారు. అయినా బజారులో కూరలమ్మే ఆవిడ నుంచి మునసబు దాకా అందరికీ ఆయన మెంబర్ సాబే. ఓడిపోయినాయన్ని అట్లా పిలవడం ఎగతాళేమో అనుకునేవాణ్ణి మొదట్లో. కాదు. పనిని బట్టి పిలిచేవాళ్ళు.

నేను ఆయన దగ్గరికి మొదటిసారి వెళ్ళింది తగువు పెట్టుకోవడానికే. చంకలో కరపత్రాల కట్ట. మెట్రిక్ తప్పి, దొరికిన ప్రతి చిన్న పుస్తకమూ చదివి, దేశంలో చట్టసభలన్నీ బూటకమని తేల్చుకుని ఉన్నాను. ఆ మాట ఆయన మొహం మీదే అన్నాను.

"ఏంది బిడ్డా, గింత కోపం ఎవరి మీద?"

"వ్యవస్థ మీదండీ."

"అది ఏ ఊర్ల ఉంటది? పేరు, తండ్రి పేరు చెప్పు. నోటీసు పంపుదం."

గుమాస్తా కిసుక్కున నవ్వాడు. నేను లేవబోయాను. "కూసో, కూసో. కోపం మంచిదే. జేబుల పెట్టుకోని తిరిగితే అంగీ కాలుతది. కాగితం మీద పెట్టు" అని ఒక తెల్లకాగితం నా ముందుకు తోశారు. నేను రాశాను: ఈ దోపిడీ ఇంకెన్నాళ్ళు? ఆయన చదివి, "దీనికి 'చెప్పలేము' అని జవాబొస్తది. గంతే, అయిపాయె" అన్నారు. మళ్ళీ రాశాను. అదీ చింపారు. మూడోసారి విసుగుతో, ఫలానా తూము ఈ నెలలో ఎన్ని రోజులు తెరిచారు అని రాశాను. కళ్ళద్దాలు పైకి తోసుకుని నావైపు చూశారు. "గిది. దీనికి వాడు అంకె చెప్పాలె, లేకుంటె చెమట పట్టాలె. నడుమ తొవ్వ లేదు."

ఆ రోజు నుంచి నేను ఆయన్ని వదల్లేదు.

ఈ విద్య ఆయనకు వచ్చిన దారి చెప్పాలి. సభ్యుడిగా ఉన్న ఆ ఒక్క విడతలోనే ఆయన్ని లండన్ పంపారు. కొత్తగా స్వతంత్రం వచ్చిన దేశాల సభ్యులందరినీ ఒకచోట చేర్చి, చట్టసభ నడిపే పద్ధతులు ఆరు వారాలు నేర్పారట. ప్రశ్న ఎట్లా వెయ్యాలి, అనుబంధ ప్రశ్న ఎట్లా వెయ్యాలి, సభాపతి మాటకు ఎక్కడ తలవంచాలి, ఎక్కడ వంచకూడదు, ఇవీ పాఠాలు. నేనూరుకుంటానా? "మనల్ని ఏలినవాళ్ళ దగ్గరికే పోయి మనల్ని మనం ఏలుకోవడం నేర్చుకున్నారా? సిగ్గనిపించలేదా సాబ్?" అన్నాను.

"అనిపించింది. చలి గూడ అనిపించింది. రెండిట్ల చలే ఎక్కువ."

మళ్ళీ ఆయనే అన్నారు. "పాఠం చెప్పినోళ్ళు మంచోళ్ళే. గాని నేను నేర్చుకున్నది పక్క కుర్చీల కూసున్నోని దగ్గర."

ఆ పక్క కుర్చీ మనిషిది ఆఫ్రికాలో చిన్న దేశం. అంతకుముందు పల్లెటూరి బడిలో పంతులు. మేమందరం ఆయన్ని ఆఫ్రికా మేష్టారనే పిలిచేవాళ్ళం. ఇద్దరికీ ఒకే గది ఇచ్చారట. సాయంత్రాలు బయట వాన, చేసేదేమీ లేదు. ఇద్దరూ ఒక ఆట కట్టుకున్నారు. మెంబర్ సాబ్ ఆ దేశం సభ్యుడైపోయి వాళ్ళ ఓడరేవు కూలీల తరఫున ప్రశ్నలు వెయ్యాలి. మేష్టారు రాయచూరు సభ్యుడైపోయి మా పత్తి రైతుల తరఫున మాట్లాడాలి. "నా జిల్లా గురించి వాడు మాట్లాడుతుంటె నాకే కళ్ళ నీళ్ళొచ్చినయ్. నేనెన్నడు గట్ల మాట్లాడలే" అనేవారు. విడిపోయేటప్పుడు మాటిచ్చుకున్నారు. ప్రతి సమావేశం తర్వాత ఎవరి సభలో అడిగిన ప్రశ్నల జాబితా వాళ్ళు రెండోవాడికి పంపాలి. ఒకడికి అడగలేని రోజు వస్తే రెండోవాడు అడగాలి.

ఎన్నికలో ఓడిపోయి వచ్చాక ఆయన ఈ విద్యను మూటగట్టి అటక మీద పెట్టలేదు. మా క్యాంపు సొసైటీ గోదాములో, ఆదివారం ఆదివారం, గోనెసంచుల మీద మమ్మల్ని రెండు వరుసలుగా కూర్చోబెట్టి ఉత్తుత్తి సభ నడిపేవారు. పంచాయతీ మెంబర్లు, కాలువ సంఘం సభ్యులు, నాలాంటి పనిలేని కుర్రకారు. పద్దెనిమిదేళ్ళ వాణ్ణి కూడా "గౌరవ సభ్యులు" అనే పిలిచేవారు. జవాబు చెప్పడం అయ్యాక వెంటనే అనుబంధ ప్రశ్న వెయ్యనిచ్చేవారు కాదు. మూడు వేళ్ళు ఒక్కొక్కటే ముడవాలి, అప్పుడు అడగాలి. "అడుగుడు అల్కగ వస్తది. వినుడు రావాలంటె ఏండ్లు పడతది" అనేవారు.

ఆఫ్రికా మేష్టారు ఒకసారి వచ్చారు. మా కాలువకు నీళ్ళిచ్చే ఆనకట్ట చూడడానికి వాళ్ళ దేశం నుంచి కొందరు సభ్యులు వస్తే, ఆయన వాళ్ళని వదిలేసి ఒక్కరే బస్సెక్కి మాన్విలో దిగారు. మా అమ్మవాళ్ళు గోంగూర పచ్చడి వేసి అన్నం పెట్టారు. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నా ఆపకుండా తిన్నారు. తర్వాత గోదాములో గోనెసంచి మీద కూర్చుని మా సభంతా చూశారు. ఆయన ఇంగ్లీషు మెంబర్ సాబ్ తెలుగు చేసి చెబుతున్నారు. ఆఖర్న మాట్లాడమంటే ఆయన మమ్మల్ని మెచ్చుకోలేదు. ఒక్క ప్రశ్న వేశారు.

"ఈ కాలువ చివర ఎవరుంటారు? వాళ్ళిక్కడ ఉన్నారా?"

మెంబర్ సాబ్ దాన్ని తెలుగులో చెప్పడానికి కొంతసేపు పట్టింది. తెలుగు రాక కాదు. ఇన్నాళ్ళూ తనకు తట్టనందుకు. మాలో శివారు మనిషి ఒక్కడూ లేడు. మా పెదనాన్న మాత్రం పక్కవాడితో, "ఇంత దూరం నుంచి వచ్చి మన గుట్టు పట్టాడ్రా ఈయన" అన్నాడు.

ఆ పై ఆదివారం నుంచి శివారు వాళ్ళను పిలిచారు. పిలిచి, ఊరికే కూర్చోబెట్టలేదు. లండన్ గదిలో ఆట ఇక్కడ పెట్టారు. క్యాంపు రైతులు శివారు వాళ్ళై మాట్లాడాలి, శివారు వాళ్ళు క్యాంపు రైతులై బదులు చెప్పాలి. మా పెదనాన్న మొదట ముడుచుకున్నాడు. "నాకీ వేషాలు రావండీ" అన్నాడు. అవతలి వరుసలోంచి ఒక శివారు ముసలాయన అచ్చు మా పెదనాన్న లాగే పంచె ఎగ్గట్టి, "మా వరి ఎండిపోతే మీకు సంతోషమా అండీ?" అన్నాడు. గోదాము నవ్వులతో దద్దరిల్లింది. దాంతో పెదనాన్నకు పౌరుషం వచ్చింది. లేచాడు. "ఏవయ్యా, మీకు కళ్ళు మూసుకుపోయినయ్యా? పొట్టమీదున్న జొన్నకి ఒక్క తడి. ఒక్కటంటే ఒక్కటి. మీరు బురదలో నడుస్తున్నారు, మా పిల్లలు మంచినీళ్ళకి రెండు మైళ్ళు పోతున్నారు" అని అందుకున్నాడు. ఆ ఊపులో క్యాంపు వరుసలో ఉన్న మా నాన్నను, అంటే సొంత తమ్ముణ్ణి, "నీకసలు దయా దాక్షిణ్యం లేదు" అనేశాడు. అన్నదమ్ములు రెండు రోజులు మాట్లాడుకోలేదు. మా పెద్దమ్మ ఇద్దరికీ చెరో పీట వేసి, మధ్యలో తను కూర్చుని వడ్డించింది.

ఆ రోజే అసలు సంగతి జరిగింది. వారంలో రెండు రోజులు శివారుకు నీళ్ళు వదలాలని ఉత్తుత్తి సభలో తీర్మానం పెట్టాం. నెగ్గింది. ఆ రోజు సభాధ్యక్షుణ్ణి నేను. మెంబర్ సాబ్ నేర్పిన పద్ధతిలోనే తేదీ వేసి, సంతకం చేసి, కింద అధ్యక్షుడు అని రాశాను. మూలన కూర్చుని చూస్తున్న కాలువ షట్టర్లు ఎత్తి దించే లస్కర్ ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. తెల్లారి వెళ్ళి షట్టరు ఎత్తేశాడు.

నాలుగు రోజులు ఎవరికీ తెలియలేదు. నాలుగు రోజులు శివారు పిల్లకాలువలో నీళ్ళు పారాయి. "నీరు బంతు, నీరు బంతు" అంటూ అక్కడి ఆడవాళ్ళు ఎదురెళ్ళి పసుపు చల్లారట, నీళ్ళొచ్చాయని. తర్వాత లస్కర్‌ని నిలదీస్తే పాపం అతనన్నాడు. "సంతకం ఉంది, తేదీ ఉంది, అధ్యక్షుడని ఉంది. నాకొచ్చే కాగితాల్లో ఈ మూడూ ఎప్పుడూ కలిసి లేవండీ. అందుకే గట్టిదనుకున్నా."

క్యాంపు మండిపడింది. సొసైటీ వాళ్ళు మమ్మల్ని గోదాముకు రానివ్వలేదు. తప్పు తనదేనని మెంబర్ సాబ్ ఇంజినీరుకు ఉత్తరం రాసి లస్కర్ ఉద్యోగం నిలబెట్టారు, వేరే సెక్షనుకు బదిలీ మాత్రం తప్పలేదు. నేను సిగ్గుతో ఆయన అరుగెక్కలేకపోయాను. ఆయనే కబురంపారు. "బిడ్డా, అసలు సభలల్ల ఎన్నో తీర్మానాలు చేస్తిమి. ఒక్కదానికి చెంబెడు నీళ్ళు పారలే. నీ ఉత్త తీర్మానానికి నాలుగు దినాలు పారినయ్. తలకాయ దించుకోకు" అన్నారు. నవ్వుతూనే అన్నారు, కానీ ఆ నవ్వు పెదాల దగ్గరే ఆగిపోయింది. ఎందుకంటే అప్పటికే షట్టరుకు గొలుసూ తాళమూ పడ్డాయి. అది సర్కారు తాళం కాదు. బజారు తాళం.

తర్వాత మా సభ ఆయన అరుగు మీదికి మారింది. అక్కడే ఒక ఆదివారం ఆఫ్రికా మేష్టారి ఆఖరి ఉత్తరం చదివారు. వాళ్ళ దేశంలో సిపాయిలు చట్టసభకు తలుపులేశారు. జవాబు రాని ఎనిమిది ప్రశ్నలు రాసి పంపారాయన. మెంబర్ సాబ్ లేచి నిలబడి ఒక్కొక్కటే చదివారు. ఓడరేవులో పట్టుకుపోయిన కూలీలు ఎక్కడున్నారు? ఉత్తరాదికి పంపిన విత్తనాలు ఏ ఊరికి చేరాయి? మా దగ్గర జవాబులేముంటాయి? ప్రతి ప్రశ్నకూ మూడు వేళ్ళు ముడిచి ఆగారు. ఆ రోజు అధ్యక్షస్థానంలో ఉన్న శివారు ముసలాయన ప్రతిసారీ, "ప్రశ్న నమోదైంది" అన్నాడు. మేము పుస్తకంలో రాశాం. మేష్టారికిచ్చిన మాట మెంబర్ సాబ్ అట్లా చెల్లించారు. దానివల్ల ఏమైందని అడుగుతారేమో. ఏమీ కాలేదు. ఆ తర్వాత అక్కడి నుంచి ఉత్తరం రాలేదు. మేష్టారు ఉన్నారో లేదో తెలియదు. మెంబర్ సాబ్ పోయిన సంగతి శుక్రవారం పాత చిరునామాకే రాసి పోస్టు చేశాను. ఎవరి చేతిలో పడుతుందో అన్న భయం ఇప్పటికీ వదల్లేదు.

ఆ ఎనిమిది ప్రశ్నలు చదివిన మర్నాడే ఆయన సంఘంలో తాళం ప్రశ్న రాసిచ్చారు. "ఆడ సిపాయిలు తలుపేసిన్రు. ఈడ తలుపు తెరిచే ఉంది గదా. లోపలికి పోనీకి మనకేం రోగం?" అన్నారు.

ఇప్పుడు దాచకుండా చెబుతున్నాను. ఆ తాళం అధ్యక్షుడి మాట మీద కొన్నది. దాని చెవి మా పెదనాన్న మొలతాడుకు ఉంది. నేను కళ్ళారా చూశాను. ఇది రాసినందుకు ఇంట్లో నాకు అన్నం పెడతారో లేదో తెలియదు.

సంఘం నిబంధనల్లో ఒక దారి ఉంది. సభ్యుడు రాలేనప్పుడు, ఆయన రాసిచ్చిన ప్రశ్నను మరో సభ్యుడు సంతకం చేసి అడగవచ్చు. చనిపోవడం రాలేకపోవడం కాదా అని కార్యదర్శిని అడిగాను. ఆయన ఇటూ అటూ చూసి, మిగిలిపోయిన అంశాలకు సోమవారం మళ్ళీ కూర్చుంటాం, పదకొండు లోపు ఒక్క సభ్యుడి సంతకం తెస్తే నేను చదవక తప్పదు, అన్నాడు. నిన్న సమావేశం అయినప్పటి నుంచీ సభ్యుల ఇళ్ళు తిరిగాను. ఒకాయన మామగారితో మాట్లాడి చెబుతానన్నాడు. ఒకాయన లోపలే ఉండి లేనని చెప్పించాడు. శివారు సభ్యుడు సంతకం పెట్టేవాడే కానీ అతను రాయచూరు ఆసుపత్రిలో జ్వరంతో ఒళ్ళు తెలియకుండా పడి ఉన్నాడు. శివారు జొన్న పాలు పోసుకుంటోంది. ఈ వారం తడి అందకపోతే ఆ పాలు గింజ కావు.

ఆఖరికి పెదనాన్న దగ్గరికే వెళ్ళాను. గట్టు మీద పార కడుక్కుంటున్నాడు.

"సంతకం పెట్టు పెదనాన్నా."

"పెడితే? నా తాళం గురించి నన్ను నేనే అడుక్కోవాలా?"

"అవును."

"నీకు మతి పోయిందిరా. ఆయన బతికుండి అడిగుంటే నేనేదో జవాబు చెప్పుకునేవాణ్ణి. కోప్పడేవాణ్ణి. ఇద్దరం టీ తాగేవాళ్ళం. నన్నే అడగమంటే ఎట్లారా?"

"ఆ రోజు గోదాములో అడిగావుగా. ఎవరూ నేర్పకుండానే."

పార తిప్పి రెండో వైపు కడగడం మొదలుపెట్టాడు. "అది ఉత్తుత్తిది" అన్నాడు. కాగితం మాత్రం తీసుకున్నాడు. సంతకం పెట్టలేదు, చింపలేదు. మడిచి తలపాగాలో దోపుకుని ఇంటికి నడిచాడు. ఇది రాస్తున్న ఇప్పటికి కూడా ఆ కాగితం ఆయన దగ్గరే ఉంది. ఏమవుతుందో నాకు తెలియదు.

మెంబర్ సాబ్‌కు నేను బాకీపడ్డది దండలూ ఫోటోలూ కాదు. ఏ సభలోనూ నాకు చోటు లేని రోజుల్లో నన్ను గౌరవ సభ్యుడన్నారు. నా అరుపును ప్రశ్నగా మార్చిచ్చారు. ఇంతకంటే ఎవరైనా ఎవరికైనా ఏమివ్వగలరో నాకు తెలియదు.

కాబట్టి ఈ కరపత్రం చదివినవాళ్ళందరికీ ఒక్కటే మనవి. రేపు సోమవారం పొద్దున పదిన్నరకల్లా కాలువ బంగళా దగ్గరికి రండి. క్యాంపు వాళ్ళూ రండి, మాన్వి వాళ్ళూ రండి. జెండాలొద్దు. కేకలొద్దు, ముందుగా ఈ మాట నాకే చెప్పుకుంటున్నాను. వెనక బల్లలు నిండేలా కూర్చుందాం. పెదనాన్న సంతకంతో వస్తే ఆయన అడిగేది విందాం. రాకపోతే, పదకొండింటికి ఆ గదిలో ఉన్న ప్రతి సభ్యుడి మొహమూ చూస్తూ, మనలో ఎవరో ఒకరం ఆ రెండు ముక్కలూ చదువుదాం. బయటికి పంపితే రెండోవారు చదువుదాం.

శివారు వాళ్ళకు కబురందింది. బస్సు దాకా రావాలంటే చుట్టు తిరగాలి, ఆలస్యమవుతుందని తెల్లారక ముందే బయల్దేరుతున్నారట. దగ్గరి దారి పిల్లకాలువే. అందులో నీళ్ళు లేవు కాబట్టి ముసలివాళ్ళూ, చంటిపిల్లల తల్లులూ ఆ ఎండిన కాలువ అడుగునే వరుసగా నడిచి వస్తారు. షట్టరు దగ్గరికి చేరాక గట్టెక్కడం కష్టం. మనలో కొందరం పది గంటలకే అక్కడుండి చెయ్యందించాలి.